సూర్యుడి దూరం

"గడియారం ఎందుకురా? ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోబోయే మనిషికి టైము చూసుకునే పనేముంటుంది?" అత్తగారు ఆ మాట అనడం అది మూడోసారి.

"మరి సూట్‌కేసు మాత్రం ఎందుకమ్మా? ఆయనేమన్నా ఊళ్ళు తిరిగే మనిషా? ఆఫీసు, ఇల్లు తప్ప మూడో చోటు తెలీదు," అన్నాడు కొడుకు.

"తెలీదు కాబట్టే ఇప్పుడు తిరగాలి. పెట్టె కళ్ళెదురుగా ఉంటే పెళ్ళామన్నా బయల్దేరదీస్తుంది."

"గడియారం మీదైతే పేరు చెక్కిస్తారు."

"పేరు చెక్కించావంటే ఇంకొకళ్ళకి ఇచ్చుకోవడానిక్కూడా పనికిరాదు."

నిన్న సాయంత్రం మొదలైన గొడవ పొద్దున్న కాఫీల దాకా వచ్చింది. కొడుకుది పళ్ళ సెట్లు తయారుచేసే పని. తల్లి నోట్లో ఉన్నవీ అతను కట్టినవే. నేను కట్టిన పళ్ళతో నన్నే కొరుకుతోందని అతను అప్పుడప్పుడూ అంటూనే ఉంటాడు. కోడలు మాత్రం వాళ్ళిద్దరికీ వీపు పెట్టి నిలబడి, కూతురి డబ్బాలో పెట్టడానికి రొట్టె ముక్కలు కోస్తోంది. బహుమతి ఆమె ఆఫీసులో ఉద్యోగం మానేస్తున్న పెద్దమనిషికి. వీడ్కోలు రేపే.

"నువ్వేమంటావోయ్? మీ అన్నయ్యకే కదా," అన్నాడు భర్త.

"మీ ఇష్టం."

"చూశావా, దానికి మనసు బాలేదు," అంది అత్తగారు. "సొంత అన్నకన్నా ఎక్కువ. వెళ్ళిపోతున్నాడంటే ఉండదూ మరి?"

అప్పటిదాకా బూట్లు వేసుకుంటున్న కూతురు తలెత్తింది. "రెండూ వద్దు నాన్నా. పజిల్స్ పుస్తకాలు కొందాం. జ్ఞాపకశక్తికి మంచివట. మామయ్యకి మతిమరుపు వచ్చేసింది కదా పాపం."

ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. డబ్బా మూత పెట్టి కూతురి చేతికిచ్చి, చేతులు కడుక్కునే మిషతో పంపు తిప్పి చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

మామయ్యకి మతిమరుపు రాలేదు. ఆ సంగతి ఈ లోకంలో తెలిసింది ఆమె ఒక్కతెకే.

* * *

ఆఫీసులో ఆయన్ని అందరూ పంచాంగం అంటారు. ఎదురుగానే అంటారు. ఆయన పలుకుతాడు కూడా.

వాళ్ళది ఆకాశాన్ని కనిపెట్టి ఉండే ఆఫీసు. గామా కిరణాలు గాలిని దాటి నేల మీదికి రావు కనుక వాటిని చూసే టెలిస్కోపు భూమికి పైన, కక్ష్యలో తిరుగుతూ ఉంటుంది. అది పంపే పటాన్ని రోజూ ఎవరో ఒకరు చూడాలి. ఎక్కడో వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఒక గెలాక్సీ నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం ఉన్నట్టుండి కసిగా వెలుగు చిమ్ముతుంది. అలాంటివాటిని క్వేజార్లంటారు. వాటిలో ఏది మండినా ఆ వారం కాపలా ఉన్నవాళ్ళు లోకంలోని టెలిస్కోపులన్నిటికీ ఒక నోటీసు పంపాలి. అది అందగానే తక్కినవాళ్ళు తమ టెలిస్కోపుల్ని అటు తిప్పుతారు. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగైనా, ఇక్కడ దాన్ని చూసే గడువు రెండు మూడు రోజులే.

నోటీసు అడుగున నాలుగు గళ్ళుంటాయి. సూర్యుడి దూరం, చంద్రుడి దూరం, చూసినవారు, సరిచూసినవారు. దూరాలంటే ఆ క్వేజార్‌కి ఆకాశంలో ఎన్ని డిగ్రీల ఎడంగా ఉన్నాయో ఆ లెక్క. సూర్యుడి నుంచీ గామా కిరణాలు వస్తాయి. ఆ టెలిస్కోపు చూపు కొంచెం మసక. సూర్యుడు ఏ క్వేజార్ పక్కనుంచో వెళ్తున్న రోజున ఏది ఏదో తేల్చుకోవడం కష్టం. అందుకే ఏడాది మొదట్లోనే, ఏ తేదీన సూర్యుడు దేని దగ్గరికి వస్తాడో లెక్కకట్టి, పంచాంగం ఒక పొడుగాటి పుస్తకంలో రాసిపెట్టుకుంటాడు. కంప్యూటరూ చెబుతుంది. కానీ పదహారేళ్ళుగా ఆయన్ని ఒకమాట అడగందే ఎవరికీ చెయ్యి ఆడదు. సెలవురోజైతే ఇంటికి ఫోను చెయ్యాలి. సెల్‌ఫోను ఆఫీసు సొరుగులో పడేసి వెళ్ళే మనిషి కనుక ఇంటి ఫోనుకే చెయ్యాలి. "ఆగు చెల్లాయ్, కళ్ళజోడు తెచ్చుకోనీ," అంటాడు. పేజీలు తిప్పిన చప్పుడు వినిపిస్తుంది. "దూరంగానే ఉన్నాడమ్మా మహానుభావుడు, పంపించుకో," అంటాడు. అప్పుడు నాలుగో గడిలో ఆయన పేరు రాసి పంపడం అలవాటు.

మూడు వారాల కిందటి ఆదివారం కాపలా ఆమెది. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పటం తెరిచింది. స్టవ్ మీద చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి. తెర మీద, ఆమె ఇరవయ్యేడేళ్ళ వయసులో చదువంతా ఏ క్వేజార్ మీద చేసిందో, తొమ్మిదేళ్ళుగా నిద్రపోతున్న ఆ క్వేజార్ ఉన్నచోట, పదింతల వెలుగు కనిపించింది.

ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. వేరే దేశంలో ఇంకో జట్టు కూడా ఇదే పటాన్ని చూస్తూ ఉంటుంది. ఎవరి నోటీసు ముందు వెళ్తే వాళ్ళదే పేరు. ముందు వారం ఇంకో క్వేజార్‌కి తాను పంపిన నోటీసునే కాపీ చేసి, పేరు మార్చింది, వెలుగు అంకెలు మార్చింది, తేదీ మార్చింది. అన్నయ్యకి ఫోను చెయ్యాలనుకుంది. ముందు పంపేసి చేద్దామనుకుంది. పంపేసింది. అటు తర్వాత చిక్కుళ్ళు మాడిన వాసన వచ్చింది, అత్తగారు కేకేసింది, ఫోను సంగతి మరుగున పడింది.

సోమవారమంతా అభినందనలు. త్వరలో కాపలా జట్టుకంతా పెద్దగా ఆమెనే వెయ్యబోతున్నారని ఆఫీసు పెద్దాయన గదిలోంచి కబురు బయటికొచ్చిందీ ఆ రోజే. మంగళవారం ఒక ఎక్స్‌రే టెలిస్కోపు వాళ్ళ దగ్గర్నుంచి రెండే వాక్యాల జవాబు వచ్చింది. "మీరు చూడమన్న చోట సూర్యుడున్నాడు. మేము చూడలేము, మన్నించాలి."

సూర్యుడు ఆ క్వేజార్‌కి ఒకటిన్నర డిగ్రీల దూరంలో ఉన్నాడు. పైగా ఆ ఆదివారమే సూర్యుడి మీదే ఒక పేలుడు జరిగింది. లోకమంతా రోజూ చూసే సూర్యుణ్ణి పట్టుకుని వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని క్వేజార్ అని ఆమె చాటింపు వేసింది.

నోటీసు తెరిచి చూసుకుంటే అడుగున 'సూర్యుడి దూరం: నలభై రెండు డిగ్రీలు' అని ఉంది. 'సరిచూసినవారు' దగ్గర పంచాంగం పేరుంది. రెండూ ముందు వారం నోటీసులోవి. మార్చకుండా వదిలేసింది.

అక్కడిదాకా జరిగింది పొరపాటు. మర్నాడు మీటింగులో జరిగిందాన్ని పొరపాటని ఆమె తనకి తాను కూడా చెప్పుకోలేకపోయింది.

పెద్దాయన నోటీసు కాగితాన్ని బల్ల మీద జరిపి, "ఏమండీ, ఇది మీరు సరిచూసిందేనా?" అని పంచాంగాన్ని అడిగాడు. పంచాంగం కళ్ళజోడు తుడుచుకుని కాగితం చూశాడు. తిప్పి వెనకవైపు చూశాడు. మళ్ళీ ముందువైపు చూశాడు.

"నా పేరే ఉంది," అన్నాడు. "అయితే నేనే చూసి ఉంటాను."

బల్లకి ఇవతల ఆమె నోరు తెరిచింది. ఇంకొక్క క్షణం ఆగి చెబుదామనుకుంది. ఈలోగా పెద్దాయన, "పోనీండి, మనుషులం," అని వేరే సంగతిలోకి వెళ్ళిపోయాడు. చివర కూర్చున్న ఎవరో, "పంచాంగంలో సూర్యుడే లేడట," అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. అందరికన్నా ఆలస్యంగా ఆపాడు.

తప్పు ఒప్పుకుంటూ లోకానికి పంపిన రెండో నోటీసు ఆయనే రాశాడు. 'నా సరిచూపులో జరిగిన లోపం వల్ల' అని మొదలుపెట్టాడు.

సాయంత్రం మెట్ల దగ్గర ఆమెని ఆపాడు. "చెల్లాయ్, ఆదివారం నువ్వు ఫోను చేసినప్పుడు నేనేమన్నాను? నాకు ఎంత తన్నుకున్నా గుర్తు రావడంలేదు. నువ్వు ఫోను చేసినట్టే గుర్తులేదు."

ఒక్క మాట చాలు. 'నేను చెయ్యలేదన్నయ్యా' అంటే అయిపోయేది. కానీ ఆమె కళ్ళ ముందు ఆ మీటింగు గది, ఆ నవ్వులు, పెద్దాయన గదిలోంచి వచ్చిన కబురు అన్నీ ఒక్కసారిగా కదిలాయి.

"నాకూ గుర్తులేదన్నయ్యా," అంది.

"నీకూనా? బాగుంది, ఇద్దరం ముసలివాళ్ళమైపోయాం," అని నవ్వి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. అంతకుముందు ఆయన గోడ పట్టుకుని దిగగా ఆమె ఎన్నడూ చూడలేదు.

పదిరోజులకి రాజీనామా ఇచ్చేశాడు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది.

* * *

గడియారమా సూట్‌కేసా అని ఇంట్లో వాదించుకున్న ఆ గురువారమే, మధ్యాహ్నం ఇంటికి రమ్మని ఆయనే కబురు పెట్టాడు. ఆఫీసు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఆమె నడిచినంతసేపూ కాళ్ళు వెనక్కి లాగుతూనే ఉన్నాయి.

తలుపు లోపలివైపు కాగితం అంటించి ఉంది. 'తాళం వేసి రెండుసార్లు లాగాను.' స్విచ్‌బోర్డు మీద ఇంకోటి. వంటింటి గుమ్మం దగ్గర 'గ్యాస్ కట్టేశాను.' అన్నీ ఆయన గుండ్రటి రాతే.

"గోడలన్నీ చదువుకోవచ్చమ్మాయ్, మా ఇల్లు లైబ్రరీ అయిపోయింది," అంది వదిన తలుపు తీస్తూ. నవ్వడానికే అన్నది గానీ మొహం పీక్కుపోయి ఉంది. "కాఫీ పెడతాను, కూర్చో. లోపలున్నారు."

ఆయన కిటికీ పక్క కుర్చీలో ఒళ్ళో పొడుగు పుస్తకం పెట్టుకుని ఉన్నాడు. అట్ట కొత్తగా వేశాడు.

"రా చెల్లాయ్. ఇదిగో, ఇక దీన్ని నువ్వు ఉంచుకో. రేపు అందరి ముందూ ఇస్తే బాగుండదు. కాపలా జట్టు నీ చేతికి వస్తోందటగా. నువ్వైతే జాగ్రత్తగా చూసుకుంటావు."

జాగ్రత్త అన్న మాట ఆమెకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. చేతులు చాచలేదు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం," అన్నాడు ఆయన. "ఏదో కథ చెప్పి మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. వందలోంచి ఏడు ఏడు తీసుకుంటూ రమ్మన్నాడు. రెండుదాకా వచ్చాను. ఏమీ లేదు పొమ్మన్నాడు. కానీ ఆయనకేం తెలుసు? ఇది చూడు."

పేజీ తిప్పి చూపించాడు. ఆ ఆదివారం తేదీకి ఎదురుగా ఆమె క్వేజార్ పేరు, పక్కన ఎర్రసిరాతో 'ఒకటిన్నర డిగ్రీ. మూడు రోజులు జాగ్రత్త' అని ఉంది. కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి.

"ఇంత ఎర్రగా రాసిపెట్టుకుని, నువ్వు ఫోను చేస్తే నలభై రెండు అని చెప్పానంటే ఏమనుకోవాలి? పై వరస చూశానా అంటే కాదు. కింది వరసా కాదు. ఆ నలభై రెండు ఎక్కణ్ణుంచి వచ్చిందో వారం రోజులు వెతికాను తల్లీ. ఈ పేజీ మొత్తంలో నలభై రెండన్న అంకే లేదు. అంటే నా బుర్రలోంచే పుట్టింది. లేని అంకె పుట్టించే బుర్రతో ఇంక ఆ ఉద్యోగం ఎలా చెయ్యను?"

ఆమెకి ఆ అంకె ఏ పేజీలో ఉందో తెలుసు. ఒక్క కాగితం వెనక్కి తిప్పితే ఉంది.

"అది ముందు వారందన్నయ్యా," అంది.

"ఏది?"

"ఆ నలభై రెండు. ముందు వారం ఇంకో క్వేజార్‌కి మీరు చెప్పింది. ఆ నోటీసునే కాపీ చేసి రాశాను. అంకె మార్చలేదు. మీ పేరూ అందులోదే, అదీ తియ్యలేదు." ఆపకుండా చెప్పింది, ఆపితే మళ్ళీ మాట రాదేమోనని. "ఆ ఆదివారం నేను మీకసలు ఫోను చెయ్యలేదు. మంగళవారమే నాకు తెలుసు. మెట్ల దగ్గర మీరడిగినప్పుడూ తెలుసు."

ఆయన ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఫోను రాలేదా?"

"రాలేదు."

"నేనేమీ చెప్పలేదా?"

"మీరేమీ చెప్పలేదన్నయ్యా."

పుస్తకం కుర్చీలో పడేసి, "ఏమే! ఏమే, విన్నావా?" అంటూ పిల్లాడిలా వంటింటి వైపు పరిగెత్తాడు. "నాకేం కాలేదటే! ఫోనే రాలేదట! రాని ఫోను గుర్తుంటుందేమిటే ఎవరికైనా!"

ఆయన తిడితే ఆమె తట్టుకునేది. చెయ్యెత్తినా తట్టుకునేది. ఆ సంతోషాన్ని చూసి తట్టుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. తలదించుకుని నేల మీద పలకలు లెక్కపెడుతూ కూర్చుంది.

వదిన చేతిలో కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడింది. విషయమంతా ఆయన గబగబా చెప్పేశాడు. ఆవిడ వింది. గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టలేదు. పక్కనున్న అలమరా మీద పెట్టింది.

"ఇరవై రోజులు," అంది. "రోజూ పొద్దున్న లేచి నా పేరూ, పిల్లల పుట్టినరోజులూ ఒక కాగితం మీద రాసుకుని సరిచూసుకునేవారు. నేను చూడలేదనుకుని ఆ కాగితం చింపేసేవారు."

"ఊరుకోవే," అన్నాడు ఆయన.

"నేనేమీ అనలేదుగా. ఎన్ని రోజులో చెప్పాను, అంతే."

ఆయన సంతోషం మెల్లగా దిగింది. పుస్తకం తీసి కుర్చీలో కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని అట్టని చేత్తో నిమిరాడు. ఇప్పుడు ఆమె వైపు చూడటం లేదు.

"పదహారేళ్ళు నిన్ను చెల్లాయ్ అన్నాను," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. ఆ తర్వాత, ఆ మాటకి తనే భయపడ్డట్టు, "సరేలే. నాకు తెలిసింది, అది చాలు. రేపు ఆఫీసులో ఏమీ చెప్పకు. నీకు పదవి రాబోయే టైములో ఎందుకీ రభస? నేనెలాగూ వెళ్ళిపోతున్నాను. మతిమరుపు మనిషినని నలుగురూ అనుకుంటే అనుకోనీ, నేను కానని నాకు తెలుసుగా," అన్నాడు.

ఆమె లేచింది. పుస్తకం తీసుకోమని ఆయన మళ్ళీ అనలేదు. వదిన తలుపు దాకా వచ్చి, "జాగ్రత్తగా వెళ్ళు," అంది. అది ఎవరికైనా అనే మాటే, అయినా దారంతా చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

* * *

ఇంటికొచ్చేసరికి పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. ఆమె స్నానం చేసి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. అందరూ భోజనాలకి కూర్చున్నాక తనూ కూర్చుంది గానీ కంచంలో ఏమీ వడ్డించుకోలేదు.

"మీకొకటి చెప్పాలి," అంది. మొదటినుంచీ చెప్పింది. ఎక్కడా తనకి అనుకూలంగా ఒక్క మాట కలపకుండా, మెట్ల దగ్గర తానన్న మాట కూడా దాచకుండా చెప్పింది.

కూతురు చెంచా కంచంలో పెట్టేసి తల్లి మొహంలోకే చూస్తోంది. ఆ చూపు కొత్తది. ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టుంది.

భర్త గొంతు సవరించుకున్నాడు. "తప్పే. ఎవరూ కాదనరు. ఆయనతో చెప్పేశావు కదా, అయిపోయింది. ఆయనే వద్దన్నాక ఇంక నువ్వు నలుగురిలో పడి నవ్వులపాలు కావడం ఎందుకు?"

"నవ్వులపాలు ఆయనయ్యాడుగా నాన్నా," అంది కూతురు.

"నువ్వుండవే. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే..."

"దాన్ని మాట్లాడనీరా," అంది అత్తగారు. ఆవిడ గొంతులో పొద్దుటి వేళాకోళం లేదు. "నేను కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తురాకపోతే నాకే గుండె ఝల్లుమంటుంది, ఇంక మొదలైందేమోనని. మీకు చెప్పను గానీ రోజూ ఉన్న భయమే. ఆ మనిషి ఇరవై రోజులు ఆ భయంలో బతికాడా? అడిగితే గుర్తులేదన్నావా అమ్మాయ్?"

"అన్నానత్తయ్యా."

అత్తగారు తన కంచం పక్కకి జరిపేసింది. ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది ఆమెకి.

మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, రేపటి కూరగాయల సంగతి చెప్పే గొంతుతోనే చెప్పింది.

"పొద్దున్న పదింటికి మీటింగులో నేను లేచి చెప్తాను. ఆయన పేరు తీసేసి, తప్పు నాదని నా పేరుతో నోటీసు మళ్ళీ వెళ్తుంది, మొదటిది ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరికీ. ఆయన రాజీనామా తీసుకోవద్దని అడుగుతాను, ఉంటారో లేదో ఆయనిష్టం. ఆ పదవికి నన్ను చూడొద్దనీ, కాపలాలోంచి కూడా తీసెయ్యమనీ పెద్దాయనకి ఇందాకే రాసి పంపేశాను."